ఉత్సవం ఎవరి చేతిలో ఉంది? ప్రాంతీయ కళావేడుకల నిలకడ వెనుక లెక్కలు

క్లుప్తంగా: ప్రాంతీయ కళా ఉత్సవాలను వచ్చిన జనంతో, జరిగిన వ్యాపారంతో కొలవడం అలవాటుగా మారింది. ఈ కొలతలో పెద్ద లోపాలున్నాయి. ప్రదర్శన కళల ఖర్చు కాలంతో పాటు తగ్గదు. ఆ లోటును గ్రాంట్లయినా, దాతలయినా, జీతం లేని శ్రమ అయినా భరించాలి. తరాల తరబడి నిలిచిన ఉత్సవాల బలం ఎక్కువగా రెండు వేడుకల నడుమ సాగే పనిలో, ఆ పనిని తమదిగా భావించే మనుషుల్లో కనిపిస్తుంది.

ఒక కళా ఉత్సవం ముగిసిన మర్నాడు బయటికి వచ్చే మొదటి వార్త సాధారణంగా ఒక సంఖ్య. ఇన్ని లక్షల మంది వచ్చారు, హోటళ్లు నిండిపోయాయి, ఇంత వ్యాపారం జరిగింది అని. రెండేళ్లు తిరగకుండానే ఆ ఉత్సవం నిధుల్లేక ఆగిపోయిందని మరో వార్త వస్తే చదివేవారికి అయోమయమే మిగులుతుంది. అంత జనం వచ్చిన వేడుక ఎందుకు నిలవలేదు? ఒక చిన్న ఊరి నాటకం నాలుగు వందల ఏళ్లకు దగ్గరగా ఎలా నడుస్తోంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకాలంటే ముందు వేదిక వెనుకకు వెళ్లి ఖర్చుల పుస్తకం చూడాలి.

ఖర్చు ఎందుకు తగ్గదు

1966లో అమెరికా ఆర్థికవేత్తలు విలియం బామోల్, విలియం బోవెన్ ప్రదర్శన కళల ఆదాయ వ్యయాలను పరిశీలించి ఒక చిక్కును గుర్తించారు. నలుగురు వాద్యకారులు కలిసి వాయించే ఒక కృతికి రెండు వందల ఏళ్ల కిందట ఎందరు మనుషులు, ఎంత సమయం కావలసి వచ్చిందో ఇప్పుడూ అంతే కావాలి. నలుగురు చేసే పనిని ముగ్గురితో చేయించలేరు, అరగంట సంగీతాన్ని పావుగంటకు కుదించలేరు. అదే కాలంలో కర్మాగారంలో ఒక కార్మికుడు గంటకు తయారు చేసే వస్తువుల సంఖ్య ఎన్నో రెట్లు పెరిగింది. ఆ పెరుగుదల వల్ల అక్కడ జీతాలు పెరిగాయి. అక్కడ జీతాలు పెరిగినప్పుడు కళాకారుడి పారితోషికం కూడా కొంతైనా పెరగాలి, లేకపోతే అతడు కళను వదిలి వేరే పనికి వెళ్లిపోతాడు. ఉత్పత్తి పెరగకుండా వేతనం మాత్రం పెరిగే ఈ స్థితికి ఆర్థికశాస్త్రంలో ‘బామోల్ వ్యయ రుగ్మత’ అనే పేరు స్థిరపడింది.

రికార్డింగులు, ప్రసారాలు కళను చౌకగా ఎక్కువ మందికి చేర్చిన మాట నిజమే. ఎదురుగా కూర్చుని చూసే ప్రదర్శనకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. టికెట్ ధర పెంచుకుంటూ పోతే ఎవరి కోసం ఉత్సవం పెట్టారో వారే రాలేకపోతారు. పెంచకపోతే లోటు మిగులుతుంది. ఆ లోటును ప్రభుత్వ గ్రాంటు పూడ్చవచ్చు, దాతలో ప్రాయోజకులో పూడ్చవచ్చు. ఆ రెండూ చాలని చోట ఎవరో ఒకరు జీతం తీసుకోకుండా పనిచేయడం ద్వారా పూడ్చవచ్చు. మొదటి రెండూ లెక్కల పుస్తకంలో కనిపిస్తాయి. మూడోది ఎక్కడా నమోదు కాదు. సామూహిక కళావేడుకల్లో ఎక్కువ భాగం నిలబడి ఉన్నది ఈ మూడోదాని మీదే.

పోషణ: వేడుకకా, వేడుకల నడుమ కాలానికా

రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా, 1940లో బ్రిటన్‌లో సంగీతాన్ని, నాటకాన్ని, చిత్రకళను ఊరూరా తీసుకెళ్లేందుకు ఒక మండలి ఏర్పడింది. ఆర్థికవేత్త జాన్ మేనార్డ్ కీన్స్ దానికి అధ్యక్షత వహించారు. 1946లో అదే ఆర్ట్స్ కౌన్సిల్‌గా మారింది. డబ్బు ప్రభుత్వానిది, ఏ కళకు ఎంత ఇవ్వాలో తేల్చేది మాత్రం ప్రభుత్వానికి కొంత ఎడంగా ఉండే మండలి అన్న పద్ధతి అక్కడ బలపడింది. అధికారంలో ఉన్నవారి ఇష్టాయిష్టాలు వేదిక మీదికి నేరుగా రాకుండా చూడటం దీని ఉద్దేశం. ఇందులో ఇబ్బంది కూడా ఉంది. గ్రాంటు సాధారణంగా ఒక ప్రాజెక్టుకు, ఒక తేదీకి, ఒక ప్రదర్శనకు ముడిపడి ఉంటుంది. ఆ తేదీకి ముందు ఆరు నెలలు కళాకారుడు ఎలా బతకాలన్నది దరఖాస్తు ఫారంలో ఉండే ప్రశ్న కాదు.

ఫ్రాన్స్ ఈ ప్రశ్నను మరో వైపు నుంచి పట్టుకుంది. అక్కడ విడతల వారీగా పని దొరికే కళాకారులకు, రంగస్థల సాంకేతిక సిబ్బందికి ప్రత్యేక నిరుద్యోగ బీమా ఉంది. నిర్ణీత కాలంలో 507 గంటలు పనిచేసినట్టు చూపగలిగితే, పని లేని రోజుల్లో భృతి అందుతుంది. 2003లో ఆ గంటలను పూర్తి చేయాల్సిన గడువును, భృతి అందే కాలాన్ని కుదించే సంస్కరణ వచ్చినప్పుడు కళాకారులు సమ్మెకు దిగారు. ఆ ఏడాది అవిన్యోన్ నాటకోత్సవమే రద్దయింది. 1947లో జాన్ విలార్ మొదలుపెట్టిన ఆ ఉత్సవం ఐరోపాలో అతి పెద్ద నాటక వేడుకల్లో ఒకటి. ఎండాకాలంలో కొద్ది వారాలు కనిపించే ఆ వేడుక, ఏడాదిలో మిగిలిన నెలల భృతి మీద ఎంతగా ఆధారపడిందో అప్పుడే బయటి లోకానికి తెలిసింది. 2022లో ఐర్లండ్ ఇంకో అడుగు వేసి, ప్రయోగాత్మకంగా 2,000 మంది కళాకారులకు వారానికి 325 యూరోల చొప్పున మూడేళ్ల పాటు ఆదాయం ఇచ్చే పథకం మొదలుపెట్టింది. ఈ రెండు పథకాల డబ్బూ ప్రదర్శనల నడుమ ఉండే ఖాళీ కాలానికి ఉద్దేశించిందే. ఉత్సవం పేరిట బ్యానర్లకూ వేదికకూ ఇచ్చే డబ్బు కంటే ఇది మెరుగైన పోషణ అనడానికి ఒక సరళమైన కారణం ఉంది: సాధన జరిగేది ఆ ఖాళీలోనే.

ఎంపిక లేని వేదిక

1947లోనే స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో అంతర్జాతీయ ఉత్సవం ప్రారంభమైంది. ఆహ్వానం లేని ఎనిమిది నాటక బృందాలు కూడా ఆ నగరానికి వచ్చి, దొరికిన హాళ్లలో తమ నాటకాలు వేసుకున్నాయి. ఉత్సవం అంచున జరిగిన ఆ ప్రదర్శనలకే తర్వాత ‘ఫ్రింజ్’ అనే పేరు వచ్చింది. మరి కొన్నేళ్లకు అది అసలు ఉత్సవాన్ని మించిపోయింది. ఫ్రింజ్ సూత్రం ఒక్కటే: ఎవరు ప్రదర్శించాలో ఎవరూ ఎంపిక చేయరు. హాలు దొరికితే చాలు, వేదిక మీ సొంతం.

ఈ స్వేచ్ఛ అసలైనది. పేరు లేని రచయితలు, నటులు ఎందరో ఇక్కడి నుంచే పైకి వచ్చారు. అయితే ఎంపిక కమిటీ లేని చోట వడపోత ఉండదని అనుకుంటే పొరపాటు. ఇక్కడ ఆ పని డబ్బు చేస్తుంది. హాలు అద్దె, బస, ప్రచారం అన్నీ కళాకారులే భరించాలి. ఉత్సవం పెద్దదయ్యే కొద్దీ ఆగస్టులో నగరంలో గది అద్దెలు పెరుగుతాయి. గది అద్దెలు పెరిగే కొద్దీ నష్టాన్ని తట్టుకోగల బృందాలే రాగలుగుతాయి. నిర్వాహక సంస్థ పుస్తకాల్లో లోటు కనిపించకపోవచ్చు. ఆ లోటు వందలాది చిన్న బృందాల జేబుల్లోకి చెదిరిపోయి ఉంటుంది. ప్రేక్షకుల సంఖ్యను మాత్రమే చూసేవారికి ఈ చెదరడం అర్థం కాదు.

సందర్శకుల లెక్కలో దొర్లే తప్పులు

ఉత్సవాలను ఆర్థిక ప్రయోజనంతో సమర్థించే ధోరణి గత నలభై ఏళ్లలో బాగా పెరిగింది. గ్రీసు సాంస్కృతిక మంత్రిగా ఉన్న నటి మెలీనా మెర్కూరి ప్రతిపాదనతో 1985లో ‘ఐరోపా సాంస్కృతిక నగరం’ హోదా మొదలై, తొలిసారి ఏథెన్స్‌కు దక్కింది. మొదట్లో ఆ హోదా ఇప్పటికే పేరున్న కళానగరాలకే వెళ్లింది. 1990లో అది గ్లాస్గోకు వచ్చింది. ఓడల తయారీ, భారీ పరిశ్రమలు కుదేలైన నగరం అది. సంస్కృతితో ఊరి రాత మార్చవచ్చన్న ఆశ అప్పటి నుంచి చాలా నగరపాలక సంస్థలను ఆకర్షించింది. దానితో పాటే ఉత్సవం ఎంత డబ్బు తెచ్చిందో చూపాల్సిన ఒత్తిడి కూడా మొదలైంది.

ఈ లెక్క సాధారణంగా ఇలా సాగుతుంది: వచ్చినవారి సంఖ్యను ఒక్కొక్కరి సగటు ఖర్చుతో గుణిస్తారు. ఆ డబ్బు చేతులు మారుతూ మరింత వ్యాపారం కలిగిస్తుందన్న అంచనాతో మళ్లీ ఒక గుణకాన్ని కలుపుతారు. చివరికి వచ్చే మొత్తం ఘనంగా ఉంటుంది. అందులోంచి తీసేయాల్సినవి మాత్రం చాలాసార్లు మిగిలిపోతాయి. ఊళ్లో ఉన్నవారే ఉత్సవంలో డబ్బు ఖర్చు పెడితే అది కొత్త ఆదాయం కాదు. మరో వారం మరో దుకాణంలో పెట్టేదాన్ని ఇక్కడ పెట్టారంతే. ఎలాగూ ఆ ఊరికి రావాలనుకున్న బంధువులు తేదీ మార్చుకుని ఉత్సవ సమయంలో వచ్చినా ఇంతే. రద్దీకి జడిసి రావడం మానుకున్న మామూలు పర్యాటకుల లోటు కూడా ఉంటుంది. ఇక వేదిక వేసే కంపెనీ, ధ్వని పరికరాల కంపెనీ, హోటల్ యాజమాన్యం బయటివైతే, వచ్చిన డబ్బు వచ్చినట్టే బయటికి పోతుంది.

అందుకని ఉత్సవాల వల్ల ఆదాయమే లేదని చెప్పలేం. బయటి నుంచి ప్రత్యేకంగా ఆ వేడుక కోసమే వచ్చి, రాత్రి బస చేసి, స్థానికుల దగ్గర కొనుక్కునే సందర్శకుడి వల్ల వచ్చేది నికరమైన ఆదాయమే. అలాంటి సందర్శకులు ఎందరన్నది తేల్చకుండా మొత్తం సంఖ్యను చాటడం వల్ల కళకే ఎక్కువ హాని జరుగుతుంది. డబ్బు తెస్తుందని నమ్మించి తెచ్చుకున్న గ్రాంటు, అంతకంటే ఎక్కువ డబ్బు తెచ్చే వేరే పథకం కనిపించిన రోజున అటు వెళ్లిపోతుంది. క్రీడా పోటీయో వాణిజ్య ప్రదర్శనో ఎక్కువ హోటల్ గదులు నింపుతుందని తేలితే, నాటకోత్సవం తన పక్షాన చెప్పుకోవడానికి మరో మాట సిద్ధం చేసుకుని ఉండదు.

ఊరే నాటక సమాజం

జర్మనీ దక్షిణాన, బవేరియా కొండల్లో ఓబరామర్‌గావ్ అనే ఊరుంది. జనాభా ఐదు వేల పైచిలుకు. 1633లో ప్లేగు వ్యాపించినప్పుడు, ఊరు బతికి బట్టకడితే పదేళ్లకోసారి క్రీస్తు కడపటి రోజుల నాటకం ఆడతామని అక్కడివారు మొక్కుకున్నారు. 1634లో మొదటిసారి ఆడారు. మొక్కు ఇప్పటికీ నడుస్తోంది. 2020లో కోవిడ్ వల్ల ఆగిన నాటకాన్ని 2022లో ఆడి మాట నిలుపుకున్నారు.

ఇక్కడ గమనించాల్సింది నియమాలను. ఆ ఊళ్లో పుట్టినవారు, లేదా ఇరవై ఏళ్లుగా అక్కడ నివసిస్తున్నవారు మాత్రమే వేషం కట్టాలి. ముఖ్యపాత్రలకు ఇద్దరిద్దరు నటులుంటారు, ఎందుకంటే వారందరికీ వేరే ఉద్యోగాలో వృత్తులో ఉంటాయి. నాటకానికి ముందు ఏడాది ఒక నిర్ణీత రోజు నుంచి పాత్రధారులు జుట్టు, గడ్డం కత్తిరించుకోకూడదు. నెలల తరబడి బ్యాంకులోనూ బడిలోనూ దుకాణంలోనూ గడ్డాలు పెరుగుతూ ఉంటాయి. నాటకం ఇంకా మొదలు కాకముందే ఊరంతా దాన్ని మోస్తూ తిరుగుతుందన్న మాట. ప్రపంచం నలుమూలల నుంచి లక్షల మంది వస్తారన్నది నిజమే. వాళ్లు రాకముందే ఆ నాటకానికి ఒక ఊరు ఉంది.

బ్రిటన్‌లోని వేల్స్ జాతీయ కళోత్సవం ‘ఐస్టెథ్‌వొద్’ పద్ధతి దీనికి భిన్నం. ఒక ఊరికి కట్టుబడకుండా ప్రతి ఆగస్టులో అది చోటు మారుతుంది. సంప్రదాయం ప్రకారం ఒక ఏడు ఉత్తరాన, మరో ఏడు దక్షిణాన. కవిత్వం, గానం, నాటకం అన్నీ వెల్ష్ భాషలోనే జరగాలి. ఆతిథ్యం ఇవ్వబోయే ప్రాంతానికి ఏడాదికి పైగా ముందే ప్రకటన వెళుతుంది. ఆ వ్యవధిలో స్థానిక సంఘాలు చందాలు పోగుచేస్తాయి, గాయక బృందాలు సాధన చేస్తాయి, ఉత్సవంలో పాల్గొనేందుకు భాష నేర్చుకోవడం మొదలుపెట్టేవారూ ఉంటారు. ప్రతి ఏటా మైదానాన్ని కొత్తగా సిద్ధం చేసుకోవడం ఖరీదైన పని. అందుకే స్థిరమైన వేదికలు ఉంటే మేలన్న వాదన తరచూ వస్తూనే ఉంటుంది. ఖర్చు కోణంలో ఆ వాదన సరైనదే. అయితే ఈ ఉత్సవం ఏడాదికో ప్రాంతంలో పుట్టించే, ఏడాదికి పైగా సాగే ఆ సందడి స్థిరమైన భవనంతో రాదు.

మనుషులు తరిగిపోతున్న పల్లెల్లో

యువకులు నగరాలకు వెళ్లిపోయిన చోట పరిస్థితి ఏమిటి? జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో ఎచిగో-త్సుమారి అనే కొండ ప్రాంతం ఉంది. శీతకాలంలో మనిషి ఎత్తును మించి మంచు కురుస్తుంది. మెట్ల మెట్లుగా వరిమళ్లు, మూతపడ్డ బడులు, తాళాలు వేసిన ఇళ్లు. ఫ్రామ్ కితగావా అనే కళా నిర్వాహకుడు అక్కడ మూడేళ్లకోసారి జరిగే కళోత్సవాన్ని 2000లో మొదలుపెట్టారు. దాదాపు 760 చదరపు కిలోమీటర్ల మేర పొలాల్లోనూ పాత ఇళ్లలోనూ కళాకృతులు చెదిరి ఉంటాయి. ఒకే మ్యూజియంలో అన్నీ చూసి వెళ్లిపోయే వీలు లేకుండా, సందర్శకుడు ఊరి నుంచి ఊరికి తిరగాల్సి వస్తుంది.

ఆరంభంలో స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. సమకాలీన కళ తమకు ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనది. ఎవరి పొలంలోనైనా ఒక శిల్పం పెట్టాలంటే ఆ రైతును ఒప్పించాలి. ఒప్పించేందుకు ఊరూరా సమావేశాలు, మాటలు, వాదనలు ఏళ్ల తరబడి నడిచాయి. కళాకృతి కంటే ఆ మాటలే ఉత్సవానికి పునాది అయ్యాయని చెప్పవచ్చు. నగరాల నుంచి ‘కోహెబీ’ పేరుతో వచ్చిన యువ స్వచ్ఛంద కార్యకర్తలు వృద్ధులతో కలిసి పనిచేశారు. మూసేసిన ఒక బడి చిత్రకథల ప్రదర్శనశాలగా మారింది. సాగు వదిలేసిన మెట్ల పొలాలను బయటివారి చందాలతో కాపాడే ఏర్పాటు జరిగింది. 2015లో ఆ మళ్లలో వ్యవసాయం చేస్తూ ఫుట్‌బాల్ ఆడే మహిళల జట్టు కూడా ఏర్పడింది.

దీనితో వలస ఆగిపోలేదు. ఆ ప్రాంత జనాభా తగ్గుతూనే ఉంది. ఒక కళోత్సవం జనాభా లెక్కలను తిరగరాస్తుందని ఆశించడం అత్యాశ. మంచులో ఒంటరిగా మిగిలిన ఒక వృద్ధురాలి ఇంటికి మూడేళ్లకోసారి కాకుండా మధ్యమధ్యలో కూడా పనివాళ్లు, విద్యార్థులు వచ్చిపోతూ ఉండటమే ఇక్కడ సాధించినది. అది చిన్నదేమీ కాదు, హోటల్ గదుల లెక్కలో మాత్రం కనిపించదు.

‘మన’ అన్న మాటలో ఎవరున్నారు

ఉత్సవం ప్రజల చేతిలో ఉంటే అంతా సవ్యంగా ఉంటుందని చెప్పడానికి వీల్లేదు. ప్రజలు అన్నప్పుడు ఎవరిని కలుపుకున్నారు, ఎవరిని బయట నిలబెట్టారు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ఓబరామర్‌గావ్ నాటకంలో పెళ్లయిన స్త్రీలకూ ముప్పై అయిదేళ్లు దాటిన స్త్రీలకూ చాలాకాలం చోటు లేదు. ఊరి ఆడవాళ్లు కోర్టుకు వెళ్లి గెలిచాకే, 1990లో ఆ నిషేధం తొలగింది. యూదుల పట్ల ద్వేషం పలికిన పాత సంభాషణలను మార్చడానికి ఇంకా ఎక్కువ పోరాటం కావలసి వచ్చింది.

తిరువాయూరులో త్యాగరాజ ఆరాధన కథా ఇటువంటిదే. వాగ్గేయకారుడి వర్ధంతికి గాయకులు పారితోషికం లేకుండా వచ్చి పాడే ఈ వేడుక ఒకప్పుడు రెండు వర్గాలుగా చీలి ఉండేది. రెండింటిలోనూ స్త్రీలు పాడే వీలు లేదు. 1920లలో తన సొంత సంపాదనతో త్యాగరాజ సమాధి వద్ద గుడి కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకే వేదిక దొరకలేదు. ఆమె వెనుదిరగకుండా స్త్రీల కోసం వేరే ఆరాధన నడిపారు. ఆ తర్వాతే అన్ని పక్షాలూ ఒకటయ్యాయి. ఈ రోజు వందల గొంతులు కలిసి పంచరత్న కీర్తనలు పాడుతుంటే వినేవారికి అదంతా మొదటి నుంచీ అలాగే ఉందనిపిస్తుంది. ఆ కలయిక వెనుక ఒక స్త్రీ ఆస్తి, పంతం ఉన్నాయి.

బెల్జియంలోని ఆల్స్ట్ కార్నివాల్‌ది మరో పాఠం. 2010లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కిన ఆ వేడుకలో యూదులను హేళన చేసే బొమ్మలు ఊరేగడంతో, 2019 డిసెంబరులో దాన్ని జాబితా నుంచి తొలగించారు. తొలగించేలోపే నగరం తనంతట తానే తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. మా వేడుక మా ఇష్టం అన్నది వారి వాదన. సొంతదనం ఉత్సవాన్ని బతికిస్తుంది, అదే సొంతదనం పక్కవాడి మీద రాయిగానూ మారగలదు. బయటి గుర్తింపు సంస్థలు ఈ గొడవను తీర్చలేవని ఆల్స్ట్ చూపింది. నాగరత్నమ్మ వంటివారు లోపలి నుంచే తలుపు తోయాల్సి వస్తుంది.

లెక్కకు రాని రాత్రులు

ఉత్సవాలను అంచనా వేసే పద్ధతులు మారాల్సిన అవసరం ఇక్కడే ఉంది. ఎందరు వచ్చారన్నది అడుగుతున్నట్టే, ఎందరు సాధన చేశారు, ఎన్ని నెలలు చేశారు, కిందటిసారి పాల్గొన్నవారిలో ఎందరు తిరిగి వచ్చారు, జీతం లేని శ్రమ ఎన్ని గంటలు పట్టింది, అది ఏ వర్గాల వారి మీద ఎక్కువగా పడింది అని కూడా అడగవచ్చు. ఇవి లెక్కించలేని విషయాలేమీ కావు. రిహార్సల్ హాజరు పుస్తకం ఉన్న ఏ బృందమైనా వీటిలో సగానికి జవాబు చెప్పగలదు.

కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఖాళీ నూనె పీపాలను కొట్టి, సాగదీసి, స్వరాలు పలికేలా మలిచిన స్టీల్‌పాన్ ఆ దీవిలోని పేద వాడల్లో పుట్టింది. 1963 నుంచి కార్నివాల్ సమయంలో ‘పనోరమా’ పేరుతో వాద్యబృందాల పోటీ జరుగుతోంది. పెద్ద బృందంలో వంద మంది దాకా ఉంటారు. వేదిక మీద వారికి దొరికేది నిమిషాల్లో లెక్కపెట్టే సమయం. ఆ కొద్ది నిమిషాల కోసం వారాల తరబడి ప్రతి రాత్రీ ‘పాన్‌యార్డ్’ అనే ఆరుబయటి స్థలంలో సాధన సాగుతుంది. చాలామంది వాద్యకారులు స్వరలిపి చూడకుండా, పక్కవారి చేతులు చూసి, విని, తప్పులు దిద్దుకుంటూ మొత్తం కృతిని కంఠస్థం చేస్తారు. పగలు ఉద్యోగం చేసి వచ్చినవారు, బడి పిల్లలు, ముసలివారు ఒకే వరుసలో నిలబడతారు. వాడలోని జనం పని ముగించుకుని అక్కడికి చేరి, అదే పాటను రాత్రి తర్వాత రాత్రి, మెల్లమెల్లగా పూర్తవుతుంటే వింటారు. పోటీ రోజున అమ్ముడైన టికెట్ల సంఖ్య మర్నాడు పత్రికలో వస్తుంది. గోడ పక్కన నిలబడి అన్ని రాత్రులు విన్నవారికి టికెట్ లేదు గనుక, ఆ సంఖ్యలో వారు లేరు.